పాత బ్యాచ్ ఫైళ్లను అలాగే నడిపించాలా, తిరగరాయాలా? రెండు దెబ్బలు తిన్నాక నా మాట

ఈ మధ్య మీ షాపులోనో ఆఫీసులోనో కొత్త పీసీ కొన్నారా? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది కాబట్టి చాలామంది మారారు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీనా హార్డ్ డిస్కా అని పది రివ్యూలు చదివి కొంటాం. కానీ పాత పీసీ డెస్క్‌టాప్ మీద గేర్ చక్రాల బొమ్మతో ఉండే చిన్న చిన్న ఫైళ్ల గురించి ఎవరూ అడగరు. డబుల్ క్లిక్ చేస్తే ఒక నల్ల విండో తెరుచుకుని, నాలుగు లైన్లు గబగబా పరుగెత్తి, మూసుకుపోతుంది. అవే బ్యాచ్ ఫైళ్లు. చాలా దుకాణాల్లో రోజువారీ బ్యాకప్ వాటి మీదే నడుస్తోంది.

కొత్త మెషీన్ వచ్చినప్పుడు వాటిని ఏం చేయాలి? ఒక కొత్త స్క్రిప్ట్ రాసి, దాని నుంచి పాత ఫైళ్లను అలాగే పిలుచుకోవాలా? లేక అన్నీ పక్కన పడేసి, పైథాన్‌లోనో పవర్‌షెల్‌లోనో మళ్లీ రాసుకోవాలా? ఇంజినీర్లను అడిగితే సగం మంది "నడుస్తున్నదాన్ని ముట్టుకోకు" అంటారు. మిగతా సగం "ఆ చెత్త తీసి పారేయ్" అంటారు. నేను రెండూ చేశా. రెండుసార్లూ దెబ్బ తిన్నా. అందుకే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పాత ఫైళ్లను ముందు అలాగే నడపండి. వాటిలో "నా పని కాలేదు" అని నిజం చెప్పలేని ఫైళ్లు ఏవో పట్టుకోండి. వాటిని మాత్రం తిరగరాయండి. మిగతావి ఎంత పాతవైనా, ఎంత వికారంగా ఉన్నా వదిలేయండి.

గంజ్ దుకాణంలో ఆరు ఫైళ్లు

మాది నిజామాబాద్‌లో కంఠేశ్వర్. మా మామకి గంజ్‌లో అడ్తి దుకాణం ఉంది. సంక్రాంతి దాటిందంటే యార్డులోకి పసుపు దిగడం మొదలవుతుంది. కొమ్ము వేరు, మండ వేరు, ధరలు వేరు. తూకం అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ ఇవ్వాలి, హమాలీ ఖర్చు, కమీషన్ లెక్క కట్టాలి, డబ్బు చెల్లించాలి. నిజామాబాద్ యార్డు 2016లో ఈ-నామ్ మొదలైనప్పుడే అందులో చేరింది. బయట వేలం ఆన్‌లైన్‌లోకి వెళ్లినా, దుకాణం లోపల లెక్క మాత్రం ఒక పీసీలో, ఒక అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఆ డేటా పోతే ఎవరికెంత ఇచ్చామో, ఎవరికెంత ఇవ్వాలో తెలియదు.

ఆ పీసీలో ఆరు బ్యాచ్ ఫైళ్లు ఉండేవి. పొద్దున నెట్‌వర్క్ డ్రైవ్ కలిపేది ఒకటి. రాత్రి బ్యాకప్ తీసేది ఒకటి. ప్రింటర్ ఇరుక్కుంటే క్యూ ఖాళీ చేసేది ఒకటి. నెలాఖరున జిప్ చేసేది ఒకటి. రోజు తక్‌పట్టీల ఫైలును తేదీ పేరుతో దాచేది ఒకటి. ఆరోది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఇవన్నీ రాసింది ఒకప్పుడు దుకాణంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసిన ఒక అన్న. మా జిల్లాలో చాలామందిలాగే ఆయనా గల్ఫ్ వెళ్లిపోయాడు. ఫైళ్లు మిగిలాయి.

వాటిని చూసి నవ్వడం తేలిక. బ్యాచ్ భాష 1981 నాటి ఎంఎస్-డాస్ కాలానిది. ఇప్పుడు మనం వాడే సీఎండీ, 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. అయినా ఇవాళ్టి విండోస్ 11లో కూడా ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా డబుల్ క్లిక్‌తో నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇలా నడిచే యాప్ మీ ఫోన్‌లో ఒక్కటి చూపించండి.

మొదటి దెబ్బ: అన్నీ తిరగరాశా

2025 సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆ ఫైళ్లు మొదటిసారి తెరిచి చూశా. బీటెక్ చదివి, ఉద్యోగం చేస్తున్న పొగరు ఉంటుంది కదా. రెండు రాత్రుల్లో అన్నీ పైథాన్‌లోకి మార్చేశా. 200 లైన్లు 90 అయ్యాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

పాత బ్యాకప్ ఫైల్లో ఒక లైను ఉంది. పింగ్ కమాండ్‌తో 127.0.0.1 అడ్రసుకి, అంటే ఆ పీసీ తనకి తానే, 61 సార్లు పింగ్ చేసుకుంటోంది. వచ్చిన జవాబు ఎక్కడా వాడడం లేదు. "ఇదేం పిచ్చి?" అనుకుని తీసేశా.

నాలుగు రోజుల తర్వాత, ఎందుకో బుద్ధి పుట్టి, నా బ్యాకప్‌ని నా ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి చూశా. డేటా తెరుచుకోలేదు. ముందురోజుది తీశా, అదీ అంతే. నాలుగు రోజులవీ పాడైపోయిన కాపీలే.

వాట్సాప్‌లో ఆ అన్నకి కాల్ చేశా. అటువైపు గట్టిగా నవ్వు.

"గా పింగ్ లైను తీసినవా తమ్మీ? పని పాడు చేసినవ్ పో. సాఫ్ట్‌వేర్ బంద్ అయినంక డేటా మొత్తం డిస్కుల రాసుకునేతందుకు టైం పడ్తది. గందుకే నిమిషం ఆగమన్న."

"మరి ఆగమని చెప్పే కమాండ్ వేరే ఉంటది కదన్నా?"

"అప్పుడు మా పీసీల గది లేకుండె. ఉన్నదాంతోనే కొట్టిన."

విషయం ఇదీ: పింగ్ ఒక్కో ప్రయత్నానికి మధ్య సుమారు ఒక సెకను ఆగుతుంది. 61 సార్లంటే ఒక నిమిషం. పాత విండోస్‌లలో "ఇంతసేపు ఆగు" అనే కమాండ్ సిద్ధంగా ఉండేది కాదు కాబట్టి అందరూ ఈ ఉపాయమే వాడేవాళ్లు. నేను చెత్త అనుకుని ఊడ్చేసిన లైను, ఆ ఫైలు మొత్తంలో అనుభవంతో రాసిన ఒకే ఒక్క లైను.

తిరగరాయడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. పాత కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి ముక్క వెనకా ఎప్పుడో ఒకరోజు జరిగిన గొడవ ఉండొచ్చు. ఆ గొడవ మనకి తెలియదు. పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ని మొదటి నుంచి తిరగరాయడానికి కూర్చుని, వెర్షన్ 4 తర్వాత 5 విడుదలే చేయకుండా 2000లో 6తో వచ్చింది. ఈలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్ పట్టుకెళ్లిపోయింది. జోయెల్ స్పోల్‌స్కీ అదే 2000 సంవత్సరంలో రాసిన ప్రసిద్ధ వ్యాసం దీని గురించే. ఉన్న కోడ్‌ని పారేసి మొదటి నుంచి రాయడం ఏ కంపెనీ చేయకూడని తప్పు అన్నది దాని సారాంశం.

రెండో దెబ్బ: ఏదీ ముట్టుకోలేదు

భయపడ్డవాడు రెండో వైపుకి పరుగెత్తుతాడు. నేనూ అంతే. పాత ఫైళ్లన్నీ యథాతథంగా వెనక్కి పెట్టేశా. పైన ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ మాత్రం రాశా. రాత్రి టైం కాగానే అది బ్యాకప్ బ్యాచ్ ఫైలును పిలుస్తుంది. ఫైలు సున్నా అని జవాబిస్తే, మామ ఫోన్‌కి టెలిగ్రామ్‌లో "బ్యాకప్ అయ్యింది" అని మెసేజ్ పంపుతుంది. సున్నా కాకుండా ఇంకేం వచ్చినా "ఫెయిల్" అని పంపుతుంది. మామకి తెగ నచ్చింది. పక్క దుకాణాల వాళ్లకి ఫోన్ తీసి చూపించేవాడు.

ఏప్రిల్‌లో, సీజన్ మంచి ఊపులో ఉండగా, పాత పీసీ హార్డ్ డిస్క్ పోయింది. మామ గాబరా పడలేదు. "బ్యాకప్ ఉంది గదా అల్లుడా" అన్నాడు ఫోన్‌లో. నేనూ గాబరా పడలేదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెరిచి చూస్తే చివరి బ్యాకప్ 11 రోజుల కిందటిది.

పదకొండు రాత్రులు "బ్యాకప్ అయ్యింది" అని మెసేజ్ వచ్చింది. పదకొండు రాత్రులూ ఒక్క ఫైలు కూడా కాపీ కాలేదు.

ఏం జరిగిందంటే, ఎవరో పెన్ డ్రైవ్ పెట్టి ఉంచి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తీసి మళ్లీ పెట్టారు. దాని అక్షరం ఇ నుంచి ఎఫ్‌కి మారింది. పెన్ డ్రైవ్ తీసేశాక ఇ డ్రైవ్ అన్నదే లేదు. బ్యాచ్ ఫైల్ మాత్రం ఇ డ్రైవ్‌లోకే కాపీ చేయాలని చూసింది. కాపీ పని చేసే రోబోకాపీ "ఫెయిల్" అని సరిగ్గానే చెప్పింది. కానీ ఫైలు చివరి లైనులో "ఏం జరిగినా సున్నా అని చెప్పి బయటికి వెళ్లు" అని రాసి ఉంది.

అలా ఎందుకు రాశారు? దీనికీ కారణం ఉంది. మామూలుగా ప్రోగ్రామ్‌లు పని సక్రమంగా జరిగితే సున్నా ఇస్తాయి. రోబోకాపీ పద్ధతి వేరు. కొత్త ఫైళ్లు లేక ఏమీ కాపీ చేయకపోతే 0 ఇస్తుంది. కాపీ చక్కగా జరిగితే 1 ఇస్తుంది. అవతలి వైపు అదనపు ఫైళ్లు కనిపిస్తే 2, ఈ రెండూ కలిస్తే 3. 7 దాకా అన్నీ మంచి కబుర్లే. 8 నుంచి అసలు ఫెయిల్యూర్లు. 16 అంటే పని మొదలే కాలేదని. ఇది తెలియని టాస్క్ షెడ్యూలర్‌లో, బ్యాకప్ బాగా అయిన రోజే 1 అని చూపిస్తుంది. అది చూసి ఎర్రర్ అనుకుని ఎవరో కంగారు పడి ఉంటారు. వాళ్ల నోరు మూయించడానికి చివర్లో ఆ సున్నా లైను చేరింది.

అలా మంచి కబురుతో పాటు చెడ్డ కబురు నోరూ మూతబడింది. దాని మీద నేను రాసిన టెలిగ్రామ్ మెసేజ్ ఆ అబద్ధాన్ని రోజూ రాత్రి మామ జేబులోకి తెచ్చి ఇచ్చింది. మెసేజ్ లేకపోతే మామ వారానికోసారైనా డ్రైవ్ తెరిచి చూసేవాడు. అంతకుముందు చూసేవాడు కూడా.

ఆ 11 రోజుల లెక్క తక్‌పట్టీ పుస్తకాల కార్బన్ కాపీల నుంచి మళ్లీ ఎక్కించాం. మామ, గుమాస్తా, నేను మూడు రాత్రులు కూర్చున్నాం. కొన్ని కాపీల్లో అంకెలు సరిగ్గా పడలేదు. ఒక రైతు తన బకాయి కోసం రెండుసార్లు ఊరి నుంచి వచ్చి వెనక్కి పోయాడు. ఆయన నన్నేమీ అనలేదు, ఆయనకి నేనెవరో కూడా తెలియదు. కానీ ఆ బస్సు చార్జీలు నా ఖాతాలో రాసుకోవాల్సినవే.

బ్యాచ్ ఫైలును స్క్రిప్ట్ నుంచి పిలిచేముందు

సరే, ఇంత జరిగాక కూడా పాత ఫైళ్లను నడపడం తప్పని నేను అనను. ఎలా నడపాలో తెలియకుండా నడిపాను, అదీ తప్పు. మీరు ఆ పని చేస్తుంటే ఇవి చూసుకోండి.

• ఒక బ్యాచ్ ఫైల్ నుంచి ఇంకో బ్యాచ్ ఫైలును పిలిచేటప్పుడు ముందు "కాల్" అని ఉండాలి. లేకపోతే నియంత్రణ అటే పోతుంది, వెనక్కి రాదు. కింద ఉన్న లైన్లు ఎప్పటికీ నడవవు, ఎర్రర్ కూడా రాదు.

• ఫైల్లో ఎక్కడైనా "పాజ్" ఉందేమో వెతకండి. మనిషి ముందున్నప్పుడు "ఏదో ఒక కీ నొక్కండి" అంటుంది, నొక్కుతాం. రాత్రి విండో కనిపించకుండా నడిస్తే కీ నొక్కేవాళ్లు ఎవరు? తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది. స్క్రిప్ట్ నుంచి పిలిచేటప్పుడు ఇన్‌పుట్‌ని ఖాళీ చోటుకి మళ్లించండి.

• అయితే ఇక్కడొక మెలిక. ఇప్పటి విండోస్‌లో కాసేపు ఆగడానికి "టైమౌట్" కమాండ్ ఉంది. కానీ ఇన్‌పుట్ మళ్లిస్తే అది ఎర్రర్ చూపించి అక్కడికక్కడే ఆగిపోతుంది, ఎదురుచూడదు. పింగ్ మాత్రం నిమ్మళంగా తన 61 పూర్తి చేస్తుంది. ఆ అన్న ఉపాయం ఇప్పటికీ చెల్లుతుంది.

• టాస్క్ షెడ్యూలర్ నుంచి నడిస్తే, మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే, పని మొదలయ్యే ఫోల్డర్ సిస్టమ్32. "పక్కనే ఉన్న ఫైల్" అని రాసుకున్న దారులన్నీ అక్కడ తప్పుతాయి.

• సమయానికి హద్దు పెట్టండి. రోబోకాపీకి మీరు చెప్పకపోతే, కాపీ కాని ఒక్కో ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. పది లక్షలే, అచ్చు తప్పు కాదు. హద్దు దాటాక ఆపేటప్పుడు నల్ల విండోను ఒక్కదాన్నే చంపితే చాలదు, దాని కింద నడుస్తున్నవాటిని కూడా ఆపాలి.

• ఫైల్ పేర్లలో తెలుగు ఉంటే బ్యాచ్‌లో ప్రశ్నార్థకాలుగా మారొచ్చు. కోడ్ పేజీ 65001 పెట్టి పరీక్షించండి.

ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం. బ్యాచ్ ఫైలుకి బయటి నుంచి వచ్చే పేర్లను నేరుగా పంపకండి. 2024 ఏప్రిల్‌లో "బ్యాట్‌బ్యాడ్‌బట్" అనే లోపం బయటపడింది. విండోస్‌లో ఏ భాష నుంచి బ్యాచ్ ఫైలును పిలిచినా, మధ్యలో చాటుగా సీఎండీ వస్తుంది. దానికి కొన్ని గుర్తులు ఆదేశాల్లా కనిపిస్తాయి. భద్రతకి పేరున్న రస్ట్ భాషలో కూడా ఈ లోపానికి 10కి 10 తీవ్రత ఇచ్చి, 1.77.2 వెర్షన్‌లో సరిచేశారు. నోడ్ కూడా సరిచేసుకుంది. హ్యాకర్ల దాకా ఎందుకు, మా గంజ్‌లో బోర్డులు చూడండి: ఫలానా & సన్స్, ఫలానా & కో. సీఎండీకి ఆ & గుర్తు అంటే "ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, తర్వాతది నడుపు" అని. పార్టీ పేరును ఫైల్ పేరుగా పంపిస్తే "సన్స్" అనే కమాండ్ కోసం విండోస్ వెతుకుతుంది. అక్కడ సన్స్ బదులు డెల్ అని ఉంటే?

ఏవి తిరగరాయాలి

విండోస్ 11 పీసీ వచ్చాక మూడోసారి మొదలుపెట్టా. ఈసారి ఒక్కో ఫైలుని ఒకటే ప్రశ్న అడిగా: నీ పని చెడిపోతే నాకు తెలుస్తుందా? ఊరికే చదివి ఊహించుకోలేదు, కావాలని చెడగొట్టి చూశా. డ్రైవ్ పీకేశా. ఫోల్డర్ పేరు మార్చా. సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంచా. అప్పుడు కూడా "అయ్యింది" అన్న ఫైళ్లు తిరగరాయాల్సినవి.

రెండు దొరికాయి. మొదటిది రాత్రి బ్యాకప్. రెండోది తక్‌పట్టీలను తేదీ పేరుతో దాచేది. ఇది తేదీని అక్షరాలు లెక్కబెట్టి కోస్తుంది: మొదటి రెండు రోజు, మధ్యలో నెల, చివరి నాలుగు సంవత్సరం. మన ఇండియా సెట్టింగ్‌లో 14-10-2025 అని వస్తుంది కాబట్టి సరిపోయేది. కొత్త పీసీ అమెరికా సెట్టింగ్‌తో ఉంది. అక్కడ ముందు వారం పేరు వస్తుంది, తర్వాత నెల, తర్వాత రోజు, మధ్యలో ఏటవాలు గీతలు. కోసిన ముక్కలు కలిపితే వారం పేరు సగం, నెల సగం, మధ్యలో గీతలు. ఆ గీతల్ని విండోస్ ఫోల్డర్ దారిగా చదువుకుంది. సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది, నిజమే. కానీ రేపు ఇంకెవరో మళ్లీ మారుస్తారు.

తేదీ కోసం కొందరు తెలివిగా డబ్ల్యూఎంఐసీ అనే టూల్ వాడేవాళ్లు, దానికి ఈ సెట్టింగ్‌ల బాధ లేదు. కానీ విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి అది మామూలుగా ఆన్ అయి ఉండదు. మెసేజ్ బాక్స్ చూపించడానికి చాలా బ్యాచ్ ఫైళ్లు వాడే వీబీస్క్రిప్ట్‌ని కూడా తీసేయబోతున్నట్టు 2023లోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మీ ఫైళ్లలో ఈ రెండు పేర్లు కనిపిస్తే వాటిని తిరగరాయక తప్పదు.

మిగిలిన వాటిలో ప్రింటర్ ఫైల్, నెలాఖరు జిప్ ఫైల్ ముట్టుకోలేదు. ప్రింటర్ క్యూ ఖాళీ కాకపోతే ప్రింట్ రాదు, ఎదురుగా ఉన్న మనిషికే తెలుస్తుంది. జిప్ ఫైల్, చెడిపోతే చెడిపోయానని చెబుతోంది. పొద్దున డ్రైవ్ కలిపే ఫైల్లో పాస్‌వర్డ్ అందరికీ కనిపించేలా రాసి ఉంటే ఆ ముక్క తీసేసి, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో పెట్టా. ఇక ఎవరికీ తెలియని ఆరో ఫైలు: తెరిచి చూస్తే పాత డయల్‌అప్ ఇంటర్నెట్‌కి ఫోన్ కలిపే ఫైలు. ఇన్నేళ్లు రోజూ పొద్దున లేని మోడెమ్‌కి డయల్ చేస్తూనే ఉంది పాపం. దాన్ని మాత్రం తీసేశా.

తిరగరాసిన రెండింటికీ పవర్‌షెల్ వాడా. నాకు పైథానే ఇష్టం, కానీ దుకాణం పీసీలో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ చేసేదెవరు? పవర్‌షెల్ 5.1 విండోస్‌తోనే వస్తుంది. ఒక చిక్కు ఏంటంటే, పవర్‌షెల్ ఫైలుని డబుల్ క్లిక్ చేస్తే నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మామకి డబుల్ క్లిక్కే కావాలి. దాంతో కొత్త స్క్రిప్ట్‌ని నడపడానికి మళ్లీ రెండు లైన్ల బ్యాచ్ ఫైల్ రాయాల్సి వచ్చింది! దాన్ని పూర్తిగా వదిలించుకోలేం అని అప్పుడు ఒప్పుకున్నా.

పింగ్ లైను ఏమైందంటారా? కొత్త స్క్రిప్ట్ నిమిషం అని గుడ్డిగా ఆగదు. సాఫ్ట్‌వేర్ నిజంగా మూసుకుందా లేదా అని చూస్తూ ఉంటుంది. ఐదు నిమిషాల్లో మూసుకోకపోతే కాపీ చేయకుండా "మామా, సాఫ్ట్‌వేర్ బంద్ కాలేదు" అని మెసేజ్ పెడుతుంది. అన్న ఉద్దేశం అదే, పద్ధతి మారింది.

"ఏఐకి ఇస్తే నిమిషంలో రాస్తుంది కదా?"

రాస్తుంది. నేనూ ఇచ్చి చూశా. బ్యాచ్ నుంచి పవర్‌షెల్‌కి మార్చడం దానికి చిటికెలో పని, సింటాక్స్ నాకన్నా బాగా తెలుసు. పింగ్ లైను చూసి "ఇది ఒక నిమిషం ఆగడానికి" అని కూడా సరిగ్గా చెప్పింది. నాకు సంక్రాంతికి అది తోచి ఉంటే చాలా బాగుండేది. కానీ ఎందుకు ఆగాలో అది చెప్పలేకపోయింది. చెప్పలేదు కూడా, ఎందుకంటే ఆ కారణం ఫైల్లో లేదు, గల్ఫ్‌లో ఉన్న అన్న తలలో ఉంది. రాసే ఖర్చు దాదాపు సున్నా అయ్యేసరికి, అన్నీ తిరగరాసేద్దాం అనే కోరిక ఇప్పుడు ఇంకా పెరుగుతుంది. పరీక్షించే ఖర్చు మాత్రం అంతే ఉంది. కాబట్టి రాయించుకోండి, తప్పు లేదు. కానీ ముందు రాసిన మనిషి ఉంటే ఒక్క ఫోన్ చేయండి. ఆ కారణాన్ని ఫైల్లోనే రెమ్ లైనుగా రాసి పెట్టండి, రేపు మీ తర్వాత వచ్చేవాడు దాన్ని తీసేయకుండా.

రెండోది: కొత్తది వచ్చిందని పాతదాన్ని అదే రోజు ఆపకండి. రెండు వారాలు రెండింటినీ నడిపి, రెండు కాపీలూ పోల్చండి. మా బోధన్ వైపు వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1930లలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడిన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతబడింది. మళ్లీ తెరుస్తాం అనే మాట ఆ తర్వాత ప్రతి ఎన్నికల్లో వింటూనే ఉన్నాం. ఆపడం ఒక్కరోజు పని, మళ్లీ నడిపించడం అలా కాదు. ఫ్యాక్టరీకి, బ్యాచ్ ఫైలుకి పోలికేంటని నవ్వొచ్చు. ఏప్రిల్‌లో ఆ మూడు రాత్రులు మాతో కూర్చుని ఉంటే నవ్వరు.

చివరగా

ఇప్పుడు మామ దుకాణంలో లెక్క ఇది: ఆరు ఫైళ్లలో మూడు పాతవే, రెండు కొత్తవి, ఒకటి పోయింది. టెలిగ్రామ్ మెసేజ్ మారింది. "బ్యాకప్ అయ్యింది" అని ఇప్పుడు రాదు. ఎన్ని ఫైళ్లు కాపీ అయ్యాయి, మొత్తం సైజు ఎంత, చివరి తక్‌పట్టీ నంబర్ ఎంత అని వస్తుంది. ఆ నంబర్‌ని మామ చేతిలో ఉన్న పుస్తకంతో సరిచూసుకుంటాడు. అది తేడా వస్తే నాకు ఫోన్ చేస్తాడు. నెలకోసారి, మొదటి ఆదివారం, బ్యాకప్‌ని నా ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూస్తా. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

కొత్త పీసీ కొన్నవాళ్లు ఈ వారాంతంలో ఒక్క గంట కేటాయించండి. పాత పీసీలో డాట్ బ్యాట్, డాట్ సీఎండీ అని వెతకండి. దొరికిన ప్రతి ఫైలునీ డేటా కాపీ మీద, అసలు డేటా మీద కాదు, కావాలని చెడగొట్టి నడిపి చూడండి. ఫెయిలయ్యానని ఒప్పుకున్నదాన్ని ఉంచుకోండి. ఒప్పుకోనిదాన్ని తిరగరాయండి.

మొన్న రాత్రి మామ నుంచి మెసేజ్ వచ్చింది: "నంబర్ ఒకటి తక్కువ చూపిస్తుంది అల్లుడా." చూస్తే మెసేజ్ వెళ్లాక ఆయనే ఇంకో తక్‌పట్టీ రాశాడు. తప్పు లేదు. అయినా ఆ ఫోన్ వచ్చినందుకు నాకు సంతోషంగానే ఉంది.